గవర్నర్‌గా ఎన్నికయ్యాను సరే, మీటింగులో తలూపడమేనా నా పని?

ప్రశ్న: మేం ఇంగ్లండులో మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి స్థానిక కౌన్సిల్ నడిపే ప్రైమరీ స్కూల్లో ఇయర్ ఫోర్ చదువుతోంది. ఒక్కో ఇయర్‌కి ఒకటే క్లాసు, మొత్తం 210 సీట్లు. సెప్టెంబరులో స్కూలు పాలకమండలికి పేరెంట్ గవర్నర్‌గా నిలబడితే ఎన్నికయ్యాను. ఇప్పటికి రెండు మీటింగులు అయ్యాయి. ముందుగా తొంభై పేజీల కాగితాలు మెయిల్‌లో వస్తాయి. హెడ్‌టీచర్ గారు చెబుతారు, అందరూ తలలూపుతారు, నేనూ ఊపి వచ్చేస్తున్నాను. ఇటు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "గవర్నర్‌వి కదా, హోంవర్క్ ఎందుకివ్వరో అడుగు", "మా వాడి టీచర్ సంగతి చూడు" అని రోజూ మెసేజులే. జీతం లేదు, అధికారం లేదు, ఎందుకీ తలనొప్పి అంటారు మావారు. నా ఇంగ్లిష్ కూడా వాళ్లంత ధారాళంగా ఉండదు. అసలు నా పనేమిటి? స్కూలు బాగుపడటానికి నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా, లేక రాజీనామా ఇచ్చెయ్యమంటారా?
– ఒక తల్లి

సమాధానం: రాజీనామా మాట ఇప్పుడే వద్దమ్మా. రెండు మీటింగులకే ఈ పని ఎవరికీ ఒంటబట్టదు.

మీవారన్న జీతం మాట నిజమే. అధికారం మాట సగమే నిజం. మీ ఒక్కరికీ విడిగా ఏ అధికారమూ లేదు. చైర్‌కి (అధ్యక్షులకి) కూడా, అత్యవసర సందర్భాల్లో తప్ప, అంతే. కానీ గవర్నర్లంతా కోరంతో కూర్చుని తీర్మానం చేస్తే ఆ గవర్నింగ్ బాడీ చేతిలో చాలా ఉంది. హెడ్‌టీచర్‌ని ఎంపిక చేసేది, ఏటా ఆ పనితీరు మదింపు చేసేది, బడ్జెట్ ఆమోదించేది అదే. స్కూలు నుంచి శాశ్వతంగా తీసేసిన పిల్లవాణ్ని మళ్లీ చేర్చుకోవాలా వద్దా అన్నది 15 స్కూలు రోజుల్లోగా తేల్చేదీ అదే.

మన వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడొక తికమక ఉంటుంది. ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్‌ని చూసిన కళ్లకు గవర్నర్ అంటే యజమాని అనిపిస్తుంది. సర్కారు బడి కమిటీ తెలిసినవాళ్లకు తల్లిదండ్రుల ప్రతినిధి అనిపిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అక్కడి స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఇంగ్లండు కౌన్సిల్ స్కూల్లో లెక్క వేరు. గవర్నింగ్ బాడీలో, అంటే బోర్డులో, కనీసం ఏడుగురు, అందులో తల్లిదండ్రులు ఎన్నుకున్నవాళ్లు కనీసం ఇద్దరు. మిగతావాళ్లు హెడ్‌టీచర్, ఒక స్టాఫ్ గవర్నర్, కౌన్సిల్ తరఫున ఒకరు, బోర్డు తనంతట తాను చేర్చుకున్న కో-ఆప్టెడ్ సభ్యులు. మిమ్మల్ని ఎన్నుకున్నది తల్లిదండ్రులే అయినా, వాళ్లు చెప్పినట్టు ఓటెయ్యాలని లేదు. తల్లిగా మీకు తెలిసిన సంగతులు బల్ల మీద పెట్టి, స్కూల్లోని పిల్లలందరికీ ఏది మంచిదో మీ బుద్ధితో తేల్చుకుని ఓటెయ్యాలి.

ఇదంతా కౌన్సిల్ నడిపే స్కూలు సంగతి. కౌన్సిల్‌తో సంబంధం లేని అకాడమీ ట్రస్టు కింద ఉన్న స్కూలైతే ఈ అధికారాల్లో చాలావరకు ట్రస్టీల దగ్గరే ఉంటాయి. అక్కడి లోకల్ గవర్నింగ్ బాడీకి ఏం వదిలారో 'స్కీమ్ ఆఫ్ డెలిగేషన్' అనే కాగితంలో రాసి ఉంటుంది. ఈ జవాబు చదివే అకాడమీ గవర్నర్లు ముందు ఆ కాగితం తెప్పించుకోండి.

వాట్సాప్ సంగతి ముందు తేల్చేద్దాం, మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే కాబట్టి. ఒక టీచర్ మీద ఫిర్యాదు ఉంటే దానికి దారి ఉంది. సాధారణంగా క్లాస్ టీచర్, తర్వాత హెడ్‌టీచర్, తర్వాత చైర్, ఆఖరున గవర్నర్ల ప్యానెల్. ప్రతి కౌన్సిల్ స్కూలుకీ ఫిర్యాదుల విధానం ఉండి తీరాలి, వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఆ లింకు పంపి ఊరుకోండి. "ఏం జరిగిందో చెప్పు" అని కథంతా విన్నారంటే, రేపు ఆ ఫిర్యాదు ప్యానెల్ దాకా వచ్చినప్పుడు మీరు కూర్చోడానికి పనికిరారు. ముందే ఒక పక్షం మాట విన్నవాళ్లు విచారించకూడదు. చిన్న స్కూల్లో ప్యానెల్‌కి ముగ్గురు తటస్థులు దొరకడమే కష్టం, అందులో ఒకరు తగ్గిపోతే ఇంకా కష్టం.

ఒక మాటకు మాత్రం మినహాయింపు లేదు. ఎవరైనా ఒక బిడ్డ భద్రత గురించి చెప్పారనుకోండి, ఇంట్లో దెబ్బలని గానీ స్కూల్లో ఎవరో సరిగ్గా ప్రవర్తించలేదని గానీ. అది మీ దగ్గర దాచుకోకూడదు, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు. అదే రోజు స్కూల్లో పిల్లల భద్రత చూసే సేఫ్‌గార్డింగ్ లీడ్‌కి చెప్పాలి. మాట హెడ్‌టీచర్ మీదే అయితే చైర్‌కి చెప్పాలి.

ఇక హోంవర్క్. ఒక్కరి గొడవగా తీసుకెళ్తే అది మీ పని కాదు. అయిదారుగురు తల్లిదండ్రులు ఒకే మాట అంటున్నారంటే అది విధానం ప్రశ్న అవుతుంది: "హోంవర్క్ పాలసీ ఆఖరుసారి ఎప్పుడు సమీక్షించాం? తల్లిదండ్రుల సర్వేలో దీని గురించి ఏమొచ్చింది?" ఇలా అడగడం పూర్తిగా మీ పరిధిలోదే. పేర్లు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. ప్రభుత్వ మార్గదర్శకాలు బోర్డుకి మూడు పనులు చెబుతాయి: స్కూలు ఎటు వెళ్లాలో నిర్ణయించడం, పిల్లల చదువుకు హెడ్‌టీచర్‌ని జవాబుదారీగా ఉంచడం, డబ్బు సరిగ్గా ఖర్చవుతోందో లేదో చూడటం. బోర్డులు ఎక్కువగా జారిపోయేది రెండోదాని దగ్గర. హెడ్‌టీచర్ మంచివారు, కష్టపడతారు, అడిగితే నొచ్చుకుంటారేమో అన్న మొహమాటం. దానికి తోడు కార్ పార్కు గురించో యూనిఫాం రంగు గురించో అందరికీ అభిప్రాయం ఉంటుంది గానీ, లెక్కల ఫలితాల పట్టిక అందరికీ అర్థం కాదు. అందుకే రెండు గంటల మీటింగులో ముప్పావు గంట కంచె మరమ్మతుకే పోతుంది. మీరు చూసిన రెండు మీటింగుల్లోనూ ఇలాగే జరిగిందేమో ఒకసారి గుర్తు చేసుకోండి.

మీటింగు నోటీసు, ఎజెండా, కాగితాలు కనీసం ఏడు పూర్తి రోజుల ముందు అందాలి. తొంభై పేజీలనీ వరుసగా చదవకండి. మొదట పోయినసారి మినిట్స్ తీసి, ఎవరు ఏం చేస్తామన్నారో చూడండి. తర్వాత హెడ్‌టీచర్ రిపోర్టు. దాని పక్కన 'స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్' పెట్టుకోండి. ఈ ఏడాది స్కూలు ఏ నాలుగైదు విషయాల్లో మెరుగుపడాలో అందులో ఉంటుంది. రిపోర్టు ఆ నాలుగైదింటి గురించి మాట్లాడుతోందా, లేక విహారయాత్రలు, కేక్ సేల్స్, వరల్డ్ బుక్ డే ఫోటోలతో నిండిపోయిందా? తేడా కనపడితే మీ మొదటి ప్రశ్న దొరికినట్టే. మీటింగు రోజున బల్ల మీద కొత్త కాగితం పెట్టి ఆమోదించమంటే, చదవడానికి సమయం కావాలనడం తప్పు కాదు.

అంకెల దగ్గర ఒక్క చిట్కా గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. మీ స్కూల్లో క్లాసుకి ముప్పై మంది. అంటే ఒక్కో పిల్ల 3.3 శాతం. ఇయర్ సిక్స్‌లో రాసే జాతీయ పరీక్షలైన శాట్స్‌లో పిల్లలు అందుకోవాల్సిన స్థాయి అంటే స్కేల్డ్ స్కోరు (అసలు మార్కుల్ని ఒకే కొలతకి మార్చిన అంకె) 100. ఆ స్థాయి అందుకున్నవాళ్లు పోయినేడు 73 శాతం, ఈ ఏడు 63 శాతం అన్నారనుకోండి. వినడానికి గుండె జారుతుంది. లెక్క వేస్తే 22 మంది కాస్తా 19 అయ్యారు, తేడా ముగ్గురు పిల్లలు. అందుకని ఒక ఏడాది అంకె చూసి గోల చెయ్యకూడదు, మూడేళ్ల వరుస అడగాలి. దీనికి రెండో వైపూ ఉంది. ప్రతి ఏడాదీ "ఈ బ్యాచ్ కొంచెం వీక్ అండీ" అన్న జవాబే వస్తుంటే దానికీ తలూపకూడదు. ఆ పిల్లలు వెనకబడ్డ సంగతి ఇయర్ త్రీలోనే తెలిసి ఉంటుంది కదా, అప్పటి నుంచి ఏం చేశారు?

మీ అమ్మాయి క్లాసు ఉదాహరణే చూద్దాం. ఇయర్ ఫోర్ వాళ్లకు జూన్‌లో ఎక్కాల చెక్ ఉంటుంది. కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, 12 ఎక్కం దాకా, ఒక్కోదానికి 6 సెకన్లు. పాస్ మార్కు లేదు. రిపోర్టులో 'క్లాసు సగటు 21' అని ఒక్క ముక్క ఉంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ 24 మందికి సగటున 24, మిగతా ఆరుగురికి 9 చొప్పున వచ్చినా సగటు 21 అవుతుంది! మన తెలుగు ఇళ్లలో ఎక్కాలు ఎలాగూ అప్పజెప్పిస్తాం కాబట్టి మన పిల్లలు ఆ 24 మందిలో ఉంటారు. ఇంట్లో చెప్పే దిక్కులేని ఆ ఆరుగురూ సగటు కింద కనపడకుండా పోతారు. గవర్నర్ కళ్లు వెతకాల్సింది ఆ ఆరుగురి కోసం. పేర్లు అడక్కూడదు, మీకు చెప్పకూడదు కూడా. "పదికి తక్కువ వచ్చినవాళ్లు ఎంతమంది? అందులో ఫ్రీ మీల్స్ (తక్కువ ఆదాయం వల్ల బడి భోజనం ఉచితంగా పొందే) పిల్లలెందరు, ప్రత్యేక అవసరాలున్నవాళ్లెందరు? వాళ్లకు వారానికి ఎన్నిసార్లు విడిగా చెబుతున్నారు, ఎవరు చెబుతున్నారు? మళ్లీ ఎప్పుడు పరీక్షించి చూస్తారు?" అని అడగండి.

"పిల్లలు బాగా చదువుతున్నారా?" అంటే "చాలా బాగా" అన్న జవాబే వస్తుంది, ఎవరికీ ఉపయోగం లేదు. అంకె, తేదీ, 'అది మీకెలా తెలిసింది' అన్న మూడూ ప్రశ్నలో ఉంటే జవాబు దాటెయ్యడం కుదరదు. మొదటి జవాబు తర్వాత వేసే రెండో ప్రశ్నే విలువైనది. మీ ఇంగ్లిష్ గురించి బెంగ అక్కర్లేదు. ప్రశ్నల్ని రెండు రోజుల ముందే రాసి, మినిట్స్ రాసే బోర్డు క్లర్క్‌కీ చైర్‌కీ మెయిల్ చెయ్యండి. హెడ్‌టీచర్ అంకెలతో సిద్ధమై వస్తారు, మీటింగు సమయమూ కలిసొస్తుంది. పొడి అక్షరాల పేర్ల జాబితా, కొత్త గవర్నర్ల శిక్షణ తేదీలు కూడా క్లర్క్‌నే అడగండి.

హాజరు పట్టిక మన వాళ్లకు బాగా తగిలేది. ఏడాదికి 190 స్కూలు రోజులు. పది శాతం, అంటే 19 రోజులు పోతే ఆ పిల్ల 'పర్సిస్టెంట్ ఆబ్సెన్స్' లెక్కలోకి వెళ్తుంది. సంక్రాంతికో పెళ్లికో టర్మ్ మధ్యలో మూడు వారాలు ఇండియా వెళ్తే 15 రోజులు, మీద రెండు జ్వరాలొస్తే సరి. పర్మిషన్ లేకుండా పది స్కూలు వారాల్లో అయిదు రోజులు పోతే జరిమానా ఆలోచించాల్సిందే. 2024 ఆగస్టు నుంచి అది మొదటిసారికి 21 రోజుల్లోగా కడితే 80 పౌండ్లు, ఆ తర్వాత 28వ రోజు దాకా 160. తల్లికి వేరు, తండ్రికి వేరు, ఒక్కో పిల్లకి వేరు. ఇద్దరు పిల్లలుంటే 320 దగ్గర మొదలు. బోర్డులో కూర్చుని హాజరు గురించి అడిగే మీరు జనవరిలో టికెట్లు తీసుకుంటే బాగుండదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం.

క్లాసులోకి వెళ్లవచ్చా అన్నది చాలామందికి ఉండే సందేహం. అనుకున్నప్పుడల్లా వెళ్లే హక్కు లేదు. స్కూలుకి గవర్నర్ల విజిట్ పాలసీ ఉంటుంది, దాని ప్రకారం వెళ్లాలి. డీఈఓ గారి తనిఖీలా నల్లబల్ల మీద రాసింది చూసి టీచర్‌కి మార్కులు వెయ్యడం కాదిది. పాఠం ఎలా చెబుతున్నారో తేల్చడం హెడ్‌టీచర్ పని. మీరు ప్లాన్‌లోంచి ఒకే ఒక్క వాక్యం తీసుకుని వెళ్లండి. ఉదాహరణకి, 'వెనకబడ్డవాళ్లకు వారానికి మూడుసార్లు ఎక్కాల సాధన' అని రాసి ఉందనుకోండి. వారం ముందు లెక్కల లీడ్‌తో (స్కూల్లో ఆ సబ్జెక్టు బాధ్యత చూసే టీచర్‌తో) సమయం మాట్లాడుకోండి. ఆవిడతో కలిసి నాలుగైదు నోటు పుస్తకాలు తిరగెయ్యండి. తేదీలు చూస్తే మూడుసార్లు జరుగుతోందో, టీచింగ్ అసిస్టెంట్ సెలవు పెట్టిన వారాల్లో ఆగిపోతోందో తెలిసిపోతుంది. ముగ్గురు నలుగురు పిల్లల్ని పలకరించండి. మీ అమ్మాయి క్లాసు మాత్రం వద్దు, ఆ పని ఇంకో గవర్నర్‌కి వదిలెయ్యండి. తర్వాత ఒక పేజీ రిపోర్టు: ఏం చూడ్డానికి వెళ్లాను, ఏం కనపడింది, ఏం అడగాలనిపించింది. టీచర్ పేరు, పిల్లల పేర్లు లేకుండా. బోర్డుకి పంపేముందు హెడ్‌టీచర్‌కి చూపించండి, తప్పులుంటే దిద్దుతారు. 'బాగుంది, పిల్లలు సంతోషంగా ఉన్నారు' అని రాసే రిపోర్టులు కుప్పలుగా ఉంటాయి, వాటి వల్ల ఏ స్కూలూ బాగుపడలేదు.

డబ్బు విషయంలో మొదటి ఏడాది రెండు అంకెలు పట్టుకుంటే చాలు. మొదటిది పిల్లల సంఖ్య. అక్టోబరులో సెన్సస్ (పిల్లల లెక్క తీసే) రోజున బడి రిజిస్టర్‌లో ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టే ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాదికి నిధులొస్తాయి. ప్రైమరీలో పిల్లకి సుమారు అయిదు వేల పౌండ్లు. రిసెప్షన్‌లో, అంటే ఇయర్ వన్‌కి ముందు క్లాసులో, నాలుగు సీట్లు ఖాళీగా ఉంటే ఇరవై వేలు పోయినట్టే. టీచర్ జీతం మాత్రం ముప్పై మందికైనా ఇరవై ఆరు మందికైనా ఒకటే. బడ్జెట్‌లో నాలుగింట మూడొంతులకు పైగా జీతాలే కాబట్టి, మూడేళ్ల అంచనాలో మూడో ఏడాది ఎర్ర అంకె (లోటు) కనపడితే దాని వెనక ఎక్కువగా ఉండేది ఈ ఖాళీ సీట్లే.

రెండోది ప్యూపిల్ ప్రీమియం. గత ఆరేళ్లలో ఎప్పుడైనా ఫ్రీ మీల్స్‌కి అర్హత ఉన్నట్టు నమోదైన ప్రతి ప్రైమరీ పిల్లకీ స్కూలుకి ఏడాదికి దాదాపు 1,500 పౌండ్లు వస్తాయి. ఇక్కడే ఒక చిల్లు ఉంది. రిసెప్షన్ నుంచి ఇయర్ టూ దాకా ఎలాగూ అందరికీ భోజనం ఉచితం కాబట్టి, అర్హత ఉన్న తల్లిదండ్రులు కూడా ఫారం నింపరు. భోజనం వస్తుంది, స్కూలుకి డబ్బు రాదు. "కొత్తగా చేరిన కుటుంబాలన్నిటి చేతా ఫారం నింపిస్తున్నామా?" అని అడగండి. ఆ డబ్బు ఎలా ఖర్చు పెడుతున్నారో స్కూలు ఏటా డిసెంబరు 31లోగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. అది చదివి, ఖర్చుకీ ఫలితానికీ లింకేమిటో అడగండి.

హెడ్‌టీచర్ పనితీరు మదింపు ఇద్దరు ముగ్గురు గవర్నర్లు బయటి సలహాదారుతో కలిసి చేస్తారు. కొత్తలో దాని జోలికి వెళ్లకండి. సేఫ్‌గార్డింగ్ శిక్షణ మాత్రం వెంటనే పూర్తి చెయ్యండి. ప్రతి గవర్నర్‌కీ అది తప్పనిసరి, డీబీఎస్ చెక్ (నేర చరిత్ర పరిశీలన) లాగే.

మీరు అడక్కపోయినా ఒకటి చెప్పాలి. మీ ఊళ్లో ఉగాదికో బతుకమ్మకో స్కూలు హాలు అద్దెకు తీసుకునే తెలుగు సంఘంలో మీరు గానీ మీవారు గానీ కార్యవర్గంలో ఉంటే, ఆ సంగతి గవర్నర్ల సొంత సంబంధాలు నమోదు చేసే 'రిజిస్టర్ ఆఫ్ ఇంటరెస్ట్స్'లో రాయించండి. హాలు అద్దెల చర్చ వచ్చినప్పుడు బయటికి వెళ్లండి. పది పౌండ్ల రాయితీ కోసం గవర్నర్ మీద మాట పడటం చూస్తే జాలేస్తుంది. అలాగే మీటింగులో ఎవరు ఏమన్నారో, ఎవరు ఎటు ఓటేశారో గ్రూపులో చెప్పకండి. ఆమోదించిన మినిట్స్ ఎవరైనా అడిగి చదువుకోవచ్చు, గోప్యమైన భాగం తప్ప.

మీవారి కోసం ఈ ముక్క: చట్టం ప్రకారం బోర్డు ఏడాదికి కనీసం మూడుసార్లు కలవాలి. చాలా స్కూళ్లలో కమిటీలతో కలిపి అంతకంటే ఎక్కువే ఉంటాయి. ఉద్యోగం చేసేవాళ్లకు 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 50వ సెక్షన్ కింద ఈ పనికి సబబైనంత సమయం సెలవు అడిగే హక్కుంది, జీతం ఇవ్వాలని మాత్రం లేదు. మీటింగు సమయంలో పిల్లని చూసే మనిషికి అయ్యే ఖర్చు, ప్రయాణ ఖర్చు బోర్డు అలవెన్సుల పాలసీలో ఉంటే తీసుకోవచ్చు. పదవీకాలం మామూలుగా నాలుగేళ్లు, అమ్మాయి ఈలోగా సెకండరీకి వెళ్లినా పూర్తి చెయ్యవచ్చు. రాలేనప్పుడు మెయిల్ పెట్టి ఊరుకుంటే చాలదు. మీ గైర్హాజరుకి బోర్డు సమ్మతించినట్టు మినిట్స్‌లో ఎక్కాలి. సమ్మతి లేకుండా ఆరు నెలలు రాకపోతే పదవి పోతుంది.

వచ్చే మీటింగుకి ఒకే ఒక్క ప్రశ్న తీసుకెళ్లండి, ఆ ఎక్కాల ప్రశ్నే అయినా సరే. జవాబుగా హెడ్‌టీచర్ "జూలైలో మళ్లీ చెబుతాను" అంటే, ఆ మాట తేదీతో సహా రాసుకోమని అక్కడే క్లర్క్‌ని అడగండి. డ్రాఫ్ట్ మినిట్స్ వచ్చాక మీ ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రెండూ ఉన్నాయో లేదో చూడండి. 'గవర్నర్లు రిపోర్టును గమనించారు' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, తర్వాతి మీటింగులో చైర్ సంతకం పెట్టకముందే దిద్దించండి. స్కూళ్లను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ వాళ్లు వచ్చినప్పుడు బోర్డు అడిగిందా లేదా అన్నదానికి సాక్ష్యం ఆ కాగితమే.